కయాక్ మీద నుంచి నీటి పక్షుల వేట: అమెరికాలో క్రమబద్ధం, కృష్ణా తీరంలో నేరం

సంక్షిప్తంగా: ఉత్తర అమెరికాలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) మీద నుంచి అడవి బాతులను వేటాడడం లైసెన్సుతో, కఠినమైన నిబంధనల మధ్య సాగుతుంది. భారతదేశంలో అదే పని వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జైలు శిక్ష పడే నేరం. ఈ తేడాకు కారణం పడవ కాదు. ఏటా పక్షులను లెక్కపెట్టడం, ఆ లెక్కను బట్టి వేటకు హద్దు గీయడం, వేటగాళ్ల డబ్బుతోనే చిత్తడి నేలలను కొని కాపాడడం అనే గొలుసు అక్కడ ఉంది, ఇక్కడ ఏనాడూ లేదు. వేటకు పనికివచ్చే కయాక్ గుణాలే తుపాకీ లేనప్పుడు కూడా పక్షులను కలవరపెట్టగలవు కాబట్టి, ఈ విషయం కృష్ణలో సరదాగా తెడ్డు వేసేవారికీ సంబంధించినదే.

ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ దాదాపు ఏడాది పొడవునా నిండుగా నిలిచి ఉంటుంది. భవానీ ద్వీపం చుట్టూ, పున్నమి ఘాట్ వైపు, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం దాకా విస్తరించిన ఈ నీటిలో ఇటీవలి ఏళ్లలో మోటారు పడవలతో పాటు కయాక్‌లు కూడా కనిపిస్తున్నాయి. అదే కాలంలో, కయాక్‌లో కూర్చుని జమ్ము దుబ్బుల మధ్య నుంచి బాతులను కాల్చే విదేశీ వీడియోలు ఫోన్లలో విరివిగా తిరుగుతున్నాయి. ఈ రెండూ కలిసి కొన్ని అపోహలకు తావిచ్చాయి. తుపాకీకి లైసెన్సు ఉంటే పక్షిని కొట్టవచ్చనేది ఒకటి. అభయారణ్యం గీత దాటి బయట ఉంటే చట్టం వర్తించదనేది మరొకటి. బాతులు సాధారణ పక్షులు కాబట్టి వాటికి రక్షణ ఉండదనేది మూడోది. మూడూ తప్పే. అయితే అవి ఎందుకు తప్పో తెలియాలంటే, ఈ వేట చట్టబద్ధంగా ఉన్నచోట ఏ షరతుల మీద నిలబడిందో ముందుగా పరిశీలించాలి.

వేట కోసమే పుట్టిన పడవ

ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యుయిట్, యూపిక్, అలియూట్ జాతులకు కయాక్ బతుకుతెరువు. సముద్రం కొట్టుకొచ్చిన కొయ్యతోనో తిమింగలం ఎముకలతోనో చట్రం కట్టి, దానిమీద సీల్ చర్మాన్ని బిగించి కుట్టేవారు. సీల్‌లను ఈటెలతో కొట్టేవారు. నీటి పక్షుల కోసం మొనలు చీలి పక్కలకు విచ్చుకున్న ప్రత్యేకమైన ఈటెలు ఉండేవి. చేతి బలం చాలని దూరాలకు వాటిని ఒక చెక్క సాయంతో విసిరేవారు. అంటే కయాక్ మీద నుంచి పక్షి వేట కొత్తగా పుట్టిన వినోదమేమీ కాదు. తుపాకీ, ప్లాస్టిక్ ఒళ్లు, మభ్యపెట్టే రంగులు మాత్రమే తరువాత చేరాయి.

తెలుగు నేల మీద దీనికి దగ్గరి చుట్టం తాటిదోనె. తాటి మొద్దును తొలిచి చేసిన ఈ దోనెను కొల్లేటి గ్రామాల మత్స్యకారులు తరతరాలుగా వాడుతున్నారు. అడుగు లోతు కూడా లేని నీటిలో, గుర్రపుడెక్క, కిక్కిస గడ్డి కమ్మేసిన దారుల్లో గడతో నెట్టుకుంటూ పోగలగడం దాని ప్రయోజనం. పెద్ద పడవ పోలేని చోటికి చప్పుడు లేకుండా పోవడమనే గుణం దోనెకూ కయాక్‌కూ సమానమే.

కయాక్‌లో ఉన్న బలమూ ప్రమాదమూ

అడవి బాతు కంటి చూపు చాలా చురుకైనది. ఆకాశం మీదికి నిలువుగా లేచిన మనిషి ఆకారం, ఇంజను చప్పుడు, నీటిని చీల్చుకు వచ్చే అల అనే మూడింటిని బట్టి అది ప్రమాదాన్ని పసిగడుతుంది. కయాక్ ఈ మూడు సంకేతాలనూ తగ్గిస్తుంది. కూర్చున్న మనిషి తల నీటి మట్టానికి మీటరు ఎత్తులోపే ఉంటుంది. తెడ్డు చప్పుడు అతి తక్కువ. పడవ కొద్ది అంగుళాలు మాత్రమే మునుగుతుంది కాబట్టి అల లేవదు. దీనికి తోడు వేటగాళ్లు స్థానికంగా దొరికే గడ్డిని పడవ అంచుల వెంట కట్టి, ఎదురుగా డికాయ్‌లనే బాతు బొమ్మలను నీటిలో వదిలి, వాటిని చూసి తోటి పక్షులు దిగేదాకా కదలకుండా కూర్చుంటారు. పడవ దింపే ర్యాంపు అవసరం లేకపోవడంతో, రోడ్డు నుంచి భుజాన మోసుకుపోయి ఎక్కడైనా నీటిలోకి దించగలగడం మరో సౌకర్యం. జింకల్లాంటి పెద్ద జంతువుల వేటలో కయాక్ పాత్ర చాలామటుకు ఇంతవరకే పరిమితం. వేటగాణ్ని నడకదారి లేని లంకకో నది ఒడ్డుకో చేర్చడం, తరువాత మాంసాన్ని వెనక్కి తేవడం దాని పని. నీటిలో ఈదుతున్న జింకను కాల్చడాన్ని అమెరికాలోని అనేక రాష్ట్రాలు నిషేధించాయి.

తుపాకీ పేలగానే కయాక్ బోల్తా పడుతుందా అన్నది అందరికీ వచ్చే సందేహం. దీనికి జవాబు కాల్చే దిశను బట్టి మారుతుంది. 12 బోర్ తుపాకీ (బోర్ అంకె తగ్గేకొద్దీ గొట్టం వెడల్పవుతుంది) నుంచి సుమారు 32 గ్రాముల గుళ్లు సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో వెలువడతాయనుకుంటే, అవి మోసుకెళ్లే ద్రవ్యవేగం, అంటే కిలోల్లో ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, 13 యూనిట్ల దరిదాపుల్లో ఉంటుంది. మనిషి, పడవ, సామాను కలిపి 130 కిలోల బరువుంటే, తుపాకీ వెనక్కి తన్నినప్పుడు పడవకు వచ్చే వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు మాత్రమే. పడవ ముక్కు వైపుగా కాల్చినప్పుడు జరిగేది ఇంతే, పడవ కాస్త వెనక్కి జరుగుతుంది. పక్కకు కాల్చినప్పుడు పరిస్థితి వేరు. అదే తోపు నీటి మట్టానికి పైన, భుజం ఎత్తులో, పడవ వెడల్పుకు అడ్డంగా పనిచేసి దొర్లించే మెలికగా మారుతుంది. దూసుకుపోతున్న పక్షి వెంట తుపాకీని తిప్పుతూ తలను, భుజాలను అంచు దాటించి ఉంటే గురుత్వ కేంద్రం అప్పటికే పక్కకు జరిగి ఉంటుంది. ప్రమాదాలకు తుపాకీ తన్నుడు కన్నా ఈ ఒరగడమే పెద్ద కారణం.

అందుకే వేటకు వాడే కయాక్‌లు సముద్ర ప్రయాణానికి వాడే సన్నటి కయాక్‌ల కన్నా వెడల్పుగా, 75 నుంచి 90 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. కూర్చున్న చోటి నుంచి ముందువైపు పరిమితమైన కోణంలోనే కాల్చాలని, తెడ్డు వేస్తున్నంతసేపూ తూటాలు తీసి ఉంచాలని, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తుపాకీ ఖాళీగా ఉండాలని భద్రతా శిక్షణలో నేర్పుతారు. అక్కడి వేట కాలం చలికాలం కావడం వల్ల మరో ముప్పు ఉంది. గడ్డకట్టడానికి దగ్గరగా ఉన్న నీటిలో హఠాత్తుగా పడితే ఊపిరి అదుపు తప్పుతుంది, కొద్ది నిమిషాల్లో చేతులు పట్టు కోల్పోతాయి, ఈత వచ్చినా ప్రయోజనం ఉండదు. లైఫ్ జాకెట్ వేసుకుని ఉండడం ఒక్కటే ఆ నిమిషాల్లో ప్రాణం నిలిపేది. కృష్ణ నీరు అంత చల్లగా ఉండదు. అయినా 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పర్యాటకుల పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించిన ఘటన, లైఫ్ జాకెట్ విషయంలో నీటి ఉష్ణోగ్రత సాకు కాదని తెలిపింది.

ఒక్క వాక్యంలో దాగిన నిబంధన

అమెరికాలో వలస పక్షుల వేటను రాష్ట్రాలు ఎవరికి వారు నిర్ణయించుకోలేరు. కెనడా తరఫున బ్రిటన్‌తో 1916లో కుదిరిన ఒప్పందం, దాన్ని అమలు చేయడానికి 1918లో వచ్చిన వలస పక్షుల ఒప్పంద చట్టం దీనికి పునాది. అంతకు ముందు అక్కడ జరిగింది వ్యాపార వేట. చిన్న పడవ ముందుభాగాన బిగించిన భారీ తుపాకీతో ఒక్క పేలుడుకు పదుల సంఖ్యలో బాతులను కూల్చి, పీపాల్లో నింపి నగరాల మార్కెట్లకు పంపేవారు. ఒకప్పుడు ఆకాశాన్ని కప్పేసిన ప్యాసింజర్ పావురాల్లో చివరిది 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. చట్టం వచ్చిన నేపథ్యం అది.

నేటి నిబంధనల్లో కయాక్‌కు నేరుగా సంబంధించినది ఒకటుంది. మోటారు పడవ మీద నుంచి గానీ తెరచాప పడవ మీద నుంచి గానీ వలస పక్షులను కాల్చాలంటే, మోటారు పూర్తిగా ఆపాలి, తెరచాప దించాలి, వాటివల్ల వచ్చిన కదలిక కూడా ఆగిపోవాలి. తెడ్డుతో గానీ గడతో గానీ నడిచే పడవకు ఈ అడ్డంకి లేదు. కదులుతున్న కయాక్ మీద నుంచి కాల్చడం చట్టబద్ధమైనది ఇందువల్లే. యంత్ర వేగంతో పక్షులను వెంటాడితే వాటికి తప్పించుకునే అవకాశం ఉండదన్నది ఈ తేడా వెనుక ఉన్న ఆలోచన. అయితే చేతితో నడిచే సాధనాలన్నింటికీ వెసులుబాటు ఇవ్వలేదు. వేటగాడు నీటి మట్టానికి కింద దాక్కునేలా చేసే సింక్‌బాక్స్ అనే తొట్టిని నిషేధించారు. బతికున్న బాతులను ఎరగా కట్టడాన్ని, గింజలు చల్లి రప్పించడాన్ని, 10 బోర్ కన్నా పెద్ద తుపాకీని కూడా నిషేధించారు. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయంతో వేట ముగియాలి. మొత్తంగా చూస్తే, చట్టం వేటగాడి సామర్థ్యాన్ని ఉద్దేశపూర్వకంగా తగ్గిస్తోంది. కయాక్ ఈ తగ్గింపు పరిధిలో ఇమిడింది కాబట్టి మిగిలింది.

1991 నుంచి నీటి పక్షుల వేటలో సీసపు గుళ్ల వాడకాన్ని దేశమంతటా ఆపేశారు. బాతులు గింజలను నలగ్గొట్టుకోవడానికి ఇసుక రేణువులను, చిన్న రాళ్లను మింగి కందనకాయలో దాచుకుంటాయి. చెరువు అడుగున పడిన సీసపు గుండు వాటికి రాయిలాగే కనిపిస్తుంది. కందనకాయలో అది అరిగి, ఆమ్లంలో కరిగి రక్తంలో కలుస్తుంది. తూటా తగలని పక్షి కూడా వారాల తరువాత కాళ్లూ రెక్కలూ చచ్చుబడి చనిపోతుంది. దాన్ని తిన్న గద్దకూ విషం ఎక్కుతుంది. ఇప్పుడు వాడే ఉక్కు గుళ్లు సీసం కన్నా తేలికైనవి, దూరం పోయేకొద్దీ త్వరగా వేగం కోల్పోతాయి. అందువల్ల వేటగాడు మరింత దగ్గరికి చేరాలి. చప్పుడు లేని చిన్న పడవకు అక్కడ విలువ పెరగడానికి ఇదీ ఒక కారణంగా భావించవచ్చు.

లెక్క, హద్దు, డబ్బు

అమెరికాలో 16 ఏళ్లు నిండిన ప్రతి నీటి పక్షుల వేటగాడూ వేటకు తప్పనిసరైన డక్ స్టాంప్ అనే ప్రభుత్వ స్టాంపును ఏటా కొనాలి. 1934లో చట్టం వచ్చినప్పుడు దాని ధర ఒక డాలరు, తొలి స్టాంపు బొమ్మ గీసింది కార్టూనిస్టు జే ఎన్ డార్లింగ్. 2015 నుంచి ధర 25 డాలర్లు. ఇందులో వచ్చే ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలల కొనుగోలుకు, పరిరక్షణకు వెళ్తాయి. ఇప్పటివరకు ఇలా కాపాడిన నేల 60 లక్షల ఎకరాలకు పైమాటే. 1937 నాటి మరో చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే 11 శాతం సుంకం వన్యప్రాణి పునరుద్ధరణకు రాష్ట్రాలకు చేరుతుంది.

దీనికి రెండో కాలు గణన. 1955 నుంచి ప్రతి వసంతంలో విమానాల్లో తిరుగుతూ గూడు కట్టే ప్రాంతాల్లోని బాతులను, నీటి గుంటలను లెక్కిస్తున్నారు. ఆ సంఖ్యలను బట్టే వేట ఎన్ని రోజులు, రోజుకు ఏ జాతివి ఎన్ని పక్షులు అన్నది తేలుతుంది. తోక సూదిలా సాగి ఉండే పిన్‌టెయిల్ బాతు విషయంలో ఈ ఏర్పాటు బలమూ పరిమితీ రెండూ కనిపిస్తాయి. 1950ల మధ్యలో అక్కడ కోటికి చేరువగా ఉన్న ఈ జాతి ఇటీవలి గణనల్లో 20 లక్షల దరిదాపుల్లో ఉంది. హద్దును రోజుకు ఒకటి రెండు పక్షులకు కుదించిన సీజన్లు అనేకం. అయినా సంఖ్య పాత స్థాయికి రాలేదు. కారణం తుపాకీ కన్నా నాగలి. పిన్‌టెయిల్ కోత కోసిన చేలలోని మోళ్ల మధ్య ముందుగానే గూడు పెడుతుంది, రైతు విత్తనానికి దున్నేసరికి గుడ్లు నలిగిపోతాయి. మైదానాల్లో కరువులు దానికి తోడయ్యాయి. వేటను ఎంత పకడ్బందీగా నియంత్రించినా ఆవాసం పోతే పక్షి నిలవదన్న విషయం కొల్లేరుకు మరింత బలంగా వర్తిస్తుంది. అదే పిన్‌టెయిల్ జాతి ఉత్తర ఆసియాలో గూడు కట్టి, మధ్య ఆసియా వలస మార్గంలో చలికాలానికి ఆంధ్ర తీరపు చిత్తడి నేలలకు కూడా చేరుతుంది.

ఈ పద్ధతి అన్ని దేశాలకూ ఆమోదయోగ్యం కాలేదు. ఆస్ట్రేలియాలో పశ్చిమ ఆస్ట్రేలియా 1990లో, న్యూ సౌత్ వేల్స్ 1995లో, క్వీన్స్‌లాండ్ 2005లో వినోదం కోసం బాతుల వేటను నిషేధించాయి, విక్టోరియా కొనసాగిస్తోంది. లైసెన్సు వ్యవస్థ ఉన్న దేశాల్లో కూడా ఇది తేలిన ప్రశ్న కాదు.

భారత చట్టం ఏం చెబుతోంది

భారతదేశంలోనూ ఒకప్పుడు బాతుల వేట సాగింది, అదీ భారీగా. 1938 నవంబరులో భరత్‌పూర్ సంస్థానంలో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షులను కూల్చింది. అక్కడ లెక్కపెట్టింది చచ్చిన పక్షులను మాత్రమే. బతికున్న పక్షుల గణనకూ వేట హద్దుకూ ముడివేసే పద్ధతి వలస పాలనలో గానీ సంస్థానాల్లో గానీ ఏర్పడలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్ని జాతుల వేటకు లైసెన్సు పొందే వీలు కొంతకాలం ఉండేది. 1991 సవరణ ఆ తలుపును మూసేసింది. లైసెన్సు వేట ముగిసిన ఆ సంవత్సరమే అమెరికాలో సీసపు గుళ్ల నిషేధం పూర్తిగా అమల్లోకి రావడం యాదృచ్ఛికమే గానీ, రెండు దేశాలు ఎంచుకున్న వేర్వేరు దారులను అది స్పష్టంగా చూపుతుంది. ఒకటి వేట పద్ధతిని సరిదిద్దింది, మరొకటి వేటనే ఆపింది.

ప్రస్తుతం చట్టంలోని 9వ సెక్షన్ షెడ్యూళ్లలో, అంటే చట్టానికి జతచేసిన జాతుల జాబితాల్లో, చేర్చిన ఏ వన్యప్రాణినీ వేటాడరాదని చెబుతోంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జంతువుల రక్షణ షెడ్యూళ్లు దానితో రెండుకు తగ్గాయి. రెండింటిలో దేనిలో ఉన్నా వేట నిషిద్ధమే, తేడా శిక్ష తీవ్రతలో మాత్రమే. వేట అనే మాటకు చట్టం ఇచ్చిన విస్తృతి కూడా గమనించదగినది. చంపడం, విషం పెట్టడం, వల పన్నడం, ఉచ్చు బిగించడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం, గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం అన్నీ వేట కిందికే వస్తాయి. గురి తప్పినా నేరమే. సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మొదటి షెడ్యూలు జాతుల విషయంలో గానీ, అభయారణ్యంలో వేట విషయంలో గానీ శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా ఉంటుంది, జరిమానా 25 వేలకు తగ్గదు. నేరానికి వాడిన ఆయుధం, వాహనం, పడవ స్వాధీనమైతే అవి ప్రభుత్వ ఆస్తి అవుతాయని 39వ సెక్షన్ చెబుతోంది. కయాక్ కూడా పడవే.

ఆయుధ చట్టం ఇచ్చే లైసెన్సు తుపాకీ కలిగి ఉండడానికి మాత్రమే. దానితో వన్యప్రాణిని కాల్చే హక్కు రాదు. అడవి పందుల వల్ల పంట పోతున్న రైతులకు చట్టం చూపిన దారి వేరు. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి 11వ సెక్షన్ కింద లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కేంద్రం 62వ సెక్షన్ కింద ఫలానా ప్రాంతంలో, ఫలానా గడువు వరకు ఒక జంతువును హానికర జంతువుగా ప్రకటించవచ్చు. ఇవి పంట రక్షణ కోసం ఇచ్చే మినహాయింపులు. వినోద వేటకు వీటిలో చోటు లేదు.

కొల్లేరులో వేట ముఖం వేరు

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పరుచుకున్న కొల్లేరు, బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీటిని పట్టి ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత) వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో 901 చదరపు కిలోమీటర్ల ప్రాంతం రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు (పెలికాన్‌లు), ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా గూళ్లు పెడతాయి. గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడులో ఇవే జాతులు ఊరి చెరువుల్లోని చెట్ల మీద ఊరివాళ్ల కళ్లెదుటే పిల్లలను పెంచుతాయి. ఉప్పలపాడు పక్షులకు దక్కిన భద్రతకు ఊరి కాపలా పెద్ద కారణం. ఈ విశ్లేషణలో ఆ అంశానికి తగిన బరువు ఇవ్వాలి, ఎందుకంటే చట్టం ఒక్కటే ఇంత పనిచేయదు.

తడి నేలల్లో దొంగవేటకు కయాక్, తుపాకీ అవసరం ఉండదు. పరజలనే అడవి బాతులు మేతకు దిగే చోట రాత్రిపూట కట్టిన సన్నని వల, గట్ల వెంట ఉచ్చులు, పురుగుమందు గుళికలు కలిపిన గింజలు అందుకు సరిపోతాయి. వీటిలో విషం అన్నిటికన్నా ప్రమాదకరం. తుపాకీ ఒక పక్షిని ఎంచుకుంటుంది, విషానికి ఎంపిక లేదు. గింజ తిన్న పరజ చనిపోతుంది, దాన్ని పీక్కుతిన్న గద్ద, కుక్క కూడా చనిపోతాయి, ఆ మాంసం వండుకున్న ఇంటికీ ముప్పు తప్పదు. అడవి నీటి పక్షులు బర్డ్ ఫ్లూ వైరస్‌కు సహజ వాహకాలు. గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో 2025 ఫిబ్రవరిలో ఆ వ్యాధి నిర్ధారణ అయిన నేపథ్యంలో, దొంగతనంగా పట్టిన పక్షి మాంసాన్ని ఇంటికి తేవడం కోళ్ల పెంపకందారులు పట్టించుకోవలసిన విషయం కూడా.

ఇంతకన్నా పెద్ద నష్టం వేట వల్ల కలిగింది కాదు. కొల్లేరు గర్భంలో చేపల చెరువుల గట్లు లేచి, నీరు పారే దారులు మూసుకుపోయి, పక్షులు మేసే లోతు తక్కువ నీళ్లు తగ్గిపోయాయి. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో చెరువుల గట్లను తెగ్గొట్టినా, ఆక్రమణల సమస్య, అభయారణ్యం హద్దును తగ్గించాలన్న డిమాండు, లంక గ్రామాల జీవనోపాధి ప్రశ్న ఇంకా తెగలేదు. పిన్‌టెయిల్‌కు అక్కడి మైదానాల్లో నాగలి చేసినదే, ఇక్కడ చెరువు గట్టు చేస్తోంది. డక్ స్టాంప్ లాంటి ఆదాయ మార్గం ఇక్కడ లేకపోవడంతో ఆవాసం ఖర్చంతా ప్రభుత్వ కేటాయింపుల మీదే ఆధారపడుతుంది. అలాగని లైసెన్సు వేటను తిరిగి తెస్తే ఆ డబ్బు వస్తుందన్న వాదన నిలవదు. ప్రతి వసంతంలో గూడు కట్టే ప్రాంతాలను విమానాల్లో లెక్కపెట్టగల వ్యవస్థ అమెరికా, కెనడాలకు ఉన్నది ఆ ప్రాంతాలు వాటి భూభాగంలోనే ఉండడం వల్ల. కృష్ణా తీరానికి వచ్చే పక్షుల్లో చాలావాటి గూళ్లు వేరే దేశాల్లో ఉంటాయి. మధ్య ఆసియా మార్గం 30 దేశాల మీదుగా సాగుతుంది. అన్ని దేశాల ఉమ్మడి గణన లేకుండా ఒక దేశం హద్దు గీయడం గుడ్డిగా గీయడమే అవుతుంది. పూర్తి నిషేధమే ఇక్కడి పరిస్థితికి తగినదని చెప్పడానికి ఇది బలమైన కారణం.

తుపాకీ లేని కయాక్

చలికాలంలో వలస వచ్చిన బాతు చాలావరకు రాత్రి మేసి పగలు నీటి మీద కునుకు తీస్తుంది. మార్చికల్లా తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఒంట్లో నింపుకోవాలి. ఎగరడానికి ఖర్చయ్యే శక్తి నీటి మీద తేలడానికి అయ్యేదానికన్నా అనేక రెట్లు ఎక్కువ. కాబట్టి గుంపును ఒక్కసారి లేపితే ఆ నష్టాన్ని పక్షి అదనపు మేతతో పూడ్చుకోవాలి, రోజూ లేపితే పూడ్చుకోలేదు. మోటారు పడవ చప్పుడు దూరం నుంచే వినబడుతుంది, పక్షులు ముందుగానే మెల్లగా పక్కకు జరుగుతాయి, పైగా అది లోతు తక్కువ చోటికి రాలేదు. కయాక్ చప్పుడు లేకుండా వాటి విశ్రాంతి స్థలం నడుమకే పోయి హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. ఫొటో కోసం దగ్గరికి వెళ్లేవారికి హాని చేసే ఉద్దేశం ఉండదు గానీ, పక్షి దృష్టిలో నీటి మట్టానికి దగ్గరగా నిశ్శబ్దంగా వచ్చే ఆకారానికీ వేటాడే జంతువుకూ తేడా లేదు.

గూళ్లు కట్టే చోట నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. గూడబాతులు, కొంగలు ఒకేసారి లేచిపోతే గుడ్లు, రెక్కలు రాని పిల్లలు ఎండకు గురవుతాయి, కాచుకుని ఉన్న కాకులు ఆ కొద్ది నిమిషాల్లోనే గుడ్లు ఎత్తుకుపోతాయి. అందుకే అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం, ఆయుధంతో ప్రవేశించడం చట్టంలో వేర్వేరు ఉల్లంఘనలు. కొల్లేరు అభయారణ్యం నీటిలో సొంత కయాక్ దించాలనుకునేవారు ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. కృష్ణలో బ్యారేజీ ఎగువన అభయారణ్యం నిబంధన లేకపోయినా వేట నిషేధం అక్కడా పూర్తిగా వర్తిస్తుంది. నది ఉధృతంగా ఉన్న రోజుల్లో నీటిలోకే దిగకూడదు. 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన భారీ పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకుని చిక్కుకుపోయాయి. ఆ ఒరవడిలో తెడ్డు దేనికీ పనికిరాదు.

కయాక్ వల్ల పక్షులకు మేలు జరిగే అవకాశం ఒకటి ఉంది, అది గణనలో. ప్రతి జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైన ఈ ప్రయత్నంలో స్వచ్ఛంద పరిశీలకులదే పెద్ద పాత్ర. గట్టు మీద నిలబడి టెలిస్కోపుతో చూసేవారికి కిక్కిస, జమ్ము వెనుక దాగిన నీటికోళ్లు, పరజల గుంపులు కనబడవు, కాబట్టి లెక్కలో తక్కువ చూపబడతాయి. అటవీ శాఖ అనుమతితో, అనుభవమున్న పరిశీలకుడి వెంట, గూళ్ల వైపు పోకుండా గడ్డి అంచు వెంట దూరం పాటిస్తూ సాగే ఒకటి రెండు కయాక్‌లు ఆ ఖాళీని కొంత పూరించగలవు. ఈ పనికి దోనె నడిపే కొల్లేటి మత్స్యకారులే ఎక్కువ అర్హులు. ఏ నెలలో ఏ పక్షి ఏ మడుగులో దిగుతుందో వారికి తెలుసు, గణనకు వారిని కూలి ఇచ్చి పిలిస్తే లెక్క మెరుగుపడడంతో పాటు వల, గుళికల మీద నిఘా కూడా పెరుగుతుంది.